మంటి ఘటములలో మందు



మా సంఘంలో ఒక సహోదరి ఉండేది. పేరు చెప్పను. భర్త లారీ డ్రైవరు, ఇద్దరు పిల్లలు. ఆదివారం ఆరాధనకు అందరికంటె ముందు వచ్చి చాపలు పరచేది ఆమే. 2019లో ఆమెకు రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. ఎవరికీ చెప్పలేదు. సిగ్గు ఒక కారణం. రెండవది, మా ప్రార్థన కూడికలో ఆమె విన్న మాట: "విశ్వాసమున్న వాళ్లకు ఆసుపత్రితో పనేమిటి?" ఆ మాట అన్నది నేను కాదు. కాని ఆ సాయంకాలం నేను అక్కడే కూర్చున్నాను, విన్నాను, ఊరుకున్నాను.

ఎనిమిది నెలలు గడిచాక ఆమె చెప్పింది. పరీక్షలు చేసి క్యాన్సరు అన్నారు. ఆపరేషను అయింది, కీమో అయింది. మూడు వారాలకు ఒకసారి ట్రాస్టుజుమాబ్ అనే మందు సెలైనులో కలిపి ఎక్కించేవారు. గడ్డ కరిగింది, జుట్టు తిరిగి వచ్చింది. మేమందరం కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. 2022లో ఆమెకు తలనొప్పి మొదలైంది. స్కానింగులో మెదడులో మచ్చలు కనబడ్డాయి.

నేను చూడటానికి వెళ్లినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. "అయ్యగారూ, మందు మంచిదే అంటున్నారు. ఒళ్లంతా పనిచేసిందంట. తలలోకి మాత్రం సరిగా పోదంట. మంచి మందు ఉండి కూడా పోలేకపోవడమేంటయ్యా?"

నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి వచ్చేశాను. మా సంఘంలోనే పెరిగి ఇప్పుడు క్యాన్సరు వైద్యుడుగా ఉన్న ఒక తమ్ముణ్ణి తరువాత అడిగాను. ఆయన చెప్పినది, ఆ తరువాత నేను చదివి తెలుసుకొన్నది మీతో పంచుకొంటున్నాను. ఆనాటి నా మౌనానికి ఇది ఆలస్యంగా తీర్చుకొంటున్న బాకీ.

రక్తంలోని కావలివారు

మన శరీరంలోకి శత్రువు ప్రవేశించినప్పుడు రక్తంలోని కొన్ని కణాలు ప్రతిరక్షకములను, అనగా యాంటీబాడీలను తయారుచేస్తాయి. ఒక్కొక్క యాంటీబాడీ ఒక్కొక్క శత్రువునే గుర్తుపడుతుంది. తాళానికి దాని చెవి పట్టినట్లు పట్టుకొంటుంది. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్ అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు, కిటసాటో అనే జపాను శాస్త్రజ్ఞుడు కలిసి కంఠసర్పి, ధనుర్వాతం వ్యాధులపై పరిశోధన చేశారు. రోగనిరోధక శక్తి పొందిన జంతువు రక్తంలోని రసాన్ని వేరొక జంతువుకు ఎక్కిస్తే దానికీ రక్షణ కలుగుతున్నదని కనుగొన్నారు. వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో బేరింగ్‌కే వచ్చింది. ఒకరి రక్తం మరొకరికి రక్షణ! క్రైస్తవుడు ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగకుండా ముందుకు పోలేడు.

1975లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు, ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసుకొనే పద్ధతి కనిపెట్టారు. యాంటీబాడీ చేసే ఎలుక కణాన్ని, చావు లేకుండా పెరుగుతూ పోయే క్యాన్సరు కణంతో కలిపి ఒకటి చేశారు. చంపే గుణాన్ని బ్రతికించే పనికి పెట్టారన్నమాట. 1984లో వారికీ నోబెల్ వచ్చింది. ఆ దారిలో వచ్చినవే రక్త క్యాన్సర్లకు 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్, రొమ్ము క్యాన్సరుకు 1998లో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్. కొందరి రొమ్ము క్యాన్సరు కణాల మీద హెర్-2 అనే మాంసకృత్తు మితిమీరి ఉంటుంది. ట్రాస్టుజుమాబ్ వెతికి పట్టుకొనేది దానినే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మూసియున్న ద్వారం

మరి ఇంత మంచి మందుకు వచ్చిన ఇబ్బంది ఏమిటి? ఒకటి, దాని పరిమాణం. యాంటీబాడీ అణువు ఆస్పిరిన్ అణువుకంటె సుమారు 800 రెట్లు బరువైనది. మాత్రగా మ్రింగితే కడుపు దానిని పప్పును అరిగించినట్లు అరిగించేస్తుంది. అందుకే సూది ద్వారానే ఇవ్వాలి.

రెండవది, మెదడు. 1885లో పాల్ ఎర్లిక్ అనే జర్మనీ వైద్యుడు జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. అవయవాలన్నిటికీ రంగు పట్టింది, మెదడుకు మాత్రం పట్టలేదు. మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కొని ఉంటాయని తరువాతి కాలంలో తెలిసింది. ఆ గోడ రక్తంలోని విషాలను, క్రిములను లోపలికి రానివ్వదు. అది మన శత్రువు కాదు. దేవుడు నిలిపిన ద్వారపాలకుడు. కాని ఆ ద్వారపాలకునికి దొంగ ఎవరో వైద్యుడు ఎవరో తెలియదు, ఇద్దరినీ ఆపుతాడు. రక్తంలో వెయ్యి యాంటీబాడీలు ఉంటే మెదడు చుట్టూ ఉండే నీటిలోకి చేరేది సుమారు ఒక్కటి. క్యాన్సరు గడ్డ ఉన్నచోట గోడ కొంత దెబ్బతిని ఇంకొంచెం మందు చేరవచ్చు గాని, అదీ చాలదు.

మా సహోదరి ప్రశ్నకు జవాబు ఇదే. లోపం మందులో లేదు. మందును చేర్చేవాడు లేడు.

ఘటము సంగతి

ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఆ చేర్చే పని మీద శ్రమ పడుతున్నారు. నానోకణములు అనే మాట మీరు వినే ఉంటారు. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం 80 వేల నుండి లక్ష నానోమీటర్లు. ఎర్ర రక్తకణం అడ్డంగా కొలిస్తే 7, 8 వేలు. మందును మోసే నానోకణములు సాధారణంగా 20 నుండి 200 నానోమీటర్ల మధ్య ఉంటాయి.

వీటిలో బంగారం, ఇనుము వంటి లోహాలతో చేసేవి ఉన్నాయి. అవి గాక సేంద్రియమైనవి ఉన్నాయి. సేంద్రియమంటే ఇక్కడ ఎరువు సంగతి కాదు. కర్బనం మూలంగా గల పదార్థాలు, అనగా క్రొవ్వు, మాంసకృత్తులు, చక్కెర జాతి పదార్థాలు, కొన్ని రకాల ప్లాస్టిక్ వంటి పాలిమర్లు. వీటిలో చాలావాటిని పని అయ్యాక శరీరం కరిగించుకోగలదు. ఆపరేషను తరువాత లోపలే కరిగిపోయే కుట్లు వేస్తారు చూడండి, అటువంటి కొన్ని కుట్ల దారానికి వాడే పదార్థంతోనే నానోకణములు కూడా చేస్తారు. మన కోస్తాలో రొయ్యలు ఒలిచి పారేసే పెంకుల నుండి కైటోసాన్ అనే పదార్థం తీస్తారు. దానితో కూడా ఈ కణములు చేయవచ్చు. పారవేసినది పనికివచ్చుట మన గ్రంథము ఎరిగిన వారికి క్రొత్త కాదు.

పాత మందు, క్రొత్త వాహనం

వాహనం మారితే ఎంత తేడా వస్తుందో చూడాలంటే బీహారుకు వెళ్లాలి. అక్కడి పేదలను పీడించిన జ్వరం కాలా అజార్. దానికి ఆంఫోటెరిసిన్ అనే మందు ఉంది. అది యాంటీబాడీ కాదు, పాతకాలపు మందు. వ్యాధిని చంపుతుంది గాని మూత్రపిండాలకు హాని చేస్తుంది. అందుకని నెల రోజులపాటు, రోజు విడిచి రోజు, 15 సార్లు ఎక్కించవలసి వచ్చేది. కూలి మనిషి నెల రోజులు ఆసుపత్రిలో ఉంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

క్రొవ్వుతో చేసిన సన్నని బుడగలలో మందు పెట్టవచ్చునన్న ఆలోచనకు మూలం 1960లలో ఇంగ్లాండులో అలెక్ బాంగమ్ చేసిన పరిశోధన. ఆ బుడగలను లైపోజోములు అంటారు. ఆంఫోటెరిసిన్‌ను లైపోజోములలో పెట్టి ముజఫర్‌పూర్‌లో డాక్టర్ శ్యామ్ సుందర్ బృందం పరీక్షించింది. ఫలితాలు 2010లో వెలువడ్డాయి. లైపోజోము మందు ఒకే ఒక్కసారి ఎక్కించిన వారిలోను, పాత పద్ధతిలో 15 సార్లు ఎక్కించిన వారిలోను, ఆరు నెలల తరువాత నూటికి సుమారు 96 మంది స్వస్థులై ఉన్నారు. మందు అదే, ఘటము మారింది. నెల రోజుల మంచం ఒక్క రోజుకు తగ్గింది.

యాంటీబాడీని మోసిన ఘటములు

చిన్న మందును మోయడం ఒక ఎత్తు. యాంటీబాడీ వంటి పెద్ద, సున్నితమైన మందును చెడకుండా మోయడం మరొక ఎత్తు. దీనికి రెండు దారులలో జరిగిన పనిని చెబుతాను.

మొదటిది మా సహోదరి ప్రశ్నకు దగ్గరది. అమెరికాలో లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు రిటుక్సిమాబ్ చుట్టూ పలుచని పాలిమర్ పొర అల్లి, చిన్న గుళికలుగా చేశారు. ఆ పొరలోని ముడులు శరీరంలోని నీటికి మెల్లమెల్లగా విడిపోయి లోపలి యాంటీబాడీని వదులుతాయి. 2019లో వారు ప్రకటించిన ప్రకారం, ఎలుకలలో మెదడు, వెన్నుపాము ప్రాంతానికి చేరిన మందు, పొర లేకుండా ఇచ్చినప్పటికంటె సుమారు పది రెట్లు. క్యాన్సరు కణాన్ని గుర్తుపట్టే చిరునామా వంటి అణువును కూడా పొరకు తగిలించినప్పుడు ఎలుకలలో వ్యాధి ఇంకా బాగా అదుపులోకి వచ్చింది. ఇది ఎలుకలలో జరిగిన పని అని మరచిపోవద్దు.

రెండవ దారి ఇంకా విచిత్రం. యాంటీబాడీని మోయకుండా, యాంటీబాడీని ఎలా చేయాలో తెలిపే ఉత్తరాన్ని మోయడం. చికున్ గున్యా మనకు తెలియనిది కాదు. 2006లో మన దేశంలో 13 లక్షలమందికి పైగా ఆ జ్వరం సోకిందని అనుమానించారు. మన ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలు కీళ్లు పట్టుకొని మంచాన పడ్డాయి. ఆ జ్వరం వచ్చి తగ్గిన ఒక వ్యక్తి రక్తకణాల నుండి శాస్త్రజ్ఞులు బలమైన యాంటీబాడీని ఎంచుకొన్నారు. దానిని తయారుచేసే ఆజ్ఞను ఎం.ఆర్.ఎన్.ఎ. రూపంలో వ్రాసి, క్రొవ్వు నానోకణములలో పెట్టారు. అమెరికాకు చెందిన మోడెర్నా సంస్థ 2019 జనవరి నుండి 2020 జూన్ వరకు జరిపిన మొదటి దశ పరీక్షలో 38 మంది ఆరోగ్యవంతుల ఫలితాలు ప్రకటించింది. వారిలో కొందరికి మందు, కొందరికి ఉత్త ద్రవం ఎక్కించారు. మందు అందుకొన్నవారి శరీరమే యాంటీబాడీని తయారుచేసింది. ఎక్కువ మోతాదులు పొందినవారిలో అది 16 వారాలకు తక్కువ కాకుండా నిలిచింది. తీవ్రమైన హాని ఎవరికీ కలగలేదు. ఇది ఇంకా చికిత్సగా బజారులోకి రాలేదు. కాని ఒకని బాధలో పుట్టిన రక్షణను ఆజ్ఞగా వ్రాసి మరొకనిలో నెరవేర్చవచ్చునని రుజువైంది.

భయం వద్దు, అత్యాశ వద్దు

2021లో కోవిడు టీకాలు వచ్చినప్పుడు మన సంఘాల్లో ఎంత గందరగోళం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. టీకాలో చిప్ ఉన్నదని, అది ప్రకటన గ్రంథంలోని మృగము ముద్ర అని సెల్‌ఫోన్లలో వీడియోలు తిరిగాయి. నన్ను కూడా రాత్రి పదింటికి ఫోను చేసి అడిగినవారున్నారు. నిజానికి మనవారిలో ఎక్కువమంది వేయించుకొన్న కోవిషీల్డ్, కొవాగ్జిన్ టీకాలలో క్రొవ్వు నానోకణములు లేనే లేవు. ఉన్న ఇతర టీకాలలో కూడా అవి క్రొవ్వు బిందువులే గాని యంత్రాలు కావు. వాటికి పేరు తెలియదు, ఊరు తెలియదు, ఎవరి ఆరాధననూ అవి మార్చలేవు. ఆ ముద్ర సంగతి మనిషి ఎవరికి మ్రొక్కుతున్నాడన్న దానికి సంబంధించినది. సూదిమందుకు సంబంధించినది కాదు.

భయం ఒక గుంట అయితే అత్యాశ రెండవ గుంట. 2016లో కెనడాలోని టొరంటో పరిశోధకులు అంతకుముందు పదేళ్ల ప్రయోగాలను కలిపి లెక్క చూశారు. ఎక్కించిన నానోకణములలో క్యాన్సరు గడ్డకు చేరుతున్నది మధ్యస్థంగా నూటికి ఒకటి కూడా కాదు, 0.7 శాతం. చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం మధ్యలోనే పట్టేసుకొంటాయి. కొందరికి ఎక్కించే సమయంలో చలి, దద్దుర్లు, ఆయాసం వంటివి రావచ్చు. కాబట్టి "నానో వైద్యం" అని బోర్డు పెట్టి పొడులు, చుక్కలు అమ్మేవారిని నమ్మి పొలం అమ్ముకోవద్దు. మరొక మాట. ఈలోగా మెదడులోని గడ్డల మీద కూడా పనిచేసే మందులు వేరే దారులలో కొన్ని వచ్చాయి. అవి ఎవరికి సరిపడతాయో క్యాన్సరు వైద్యుణ్ణే అడగండి.

మరి విశ్వాసం సంగతేమిటి? హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఉన్నప్పుడు కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు విని పదునైదు సంవత్సరాల ఆయుష్షు పెంచాడు. వాగ్దానం అయిపోయింది గదా, ఇక మందెందుకు? అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థనా ఉంది, పట్టీ ఉంది. ఒకటి రెండవదాన్ని తోసివేయలేదు. ఈ సంగతి నేను ఎన్నోసార్లు బోధించాను. చెప్పవలసిన ఆ ఒక్క సాయంకాలం మాత్రం చెప్పలేదు.

కప్పు విప్పిన నలుగురు

పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో మనలను మంటి ఘటములతో పోల్చాడు. ఘటము విలువలేనిదని కాదు ఆయన భావం. విలువ లోపల ఉన్నదానిదని భావం. గిద్యోను మూడు వందలమంది కుండలలో దివిటీలు దాచి తీసికొని వెళ్లారు. కుండ పగిలినప్పుడే వెలుగు బయటకు వచ్చింది. ఆ పరిశోధకులు అల్లిన పొర కూడా అంతే. చేరవలసిన చోటికి మోస్తుంది, తరువాత తాను కరిగి, లోపలిదాన్ని విడిచిపెడుతుంది. పేరు మందుకే వస్తుంది, ఘటమునకు రాదు.

మా సహోదరి దగ్గరకు మళ్లీ వెళ్లి ఇదంతా నాకు తెలిసినంత తేలిక మాటల్లో చెప్పాను. ఎలుకలలో పని జరిగింది, మనుషులకు ఇంకా అందలేదు అని దాచకుండా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుంది. "అయితే నాకు అందదు" అంది. అవునమ్మా అనడానికి నాకు నోరు రాలేదు. ఆమే మళ్లీ, "పోనీలెండయ్యా, మా అమ్మాయి నాటికి అందితే చాలు. గడ్డ కనబడితే దాచొద్దని మాత్రం సంఘంలో చెప్పండి" అంది.

ఆమెకు తలకు రేడియేషను పెట్టారు. ఆసుపత్రి మా ఊరికి నలభై కిలోమీటర్లు. భర్త లారీ మీద పోతే రోజూ తీసుకెళ్లేవారు లేరు. స్త్రీల సమాజంవారు వంతులు వేసుకొన్నారు. ఒకరు ఆటో మాట్లాడారు, ఒకరు కారియరు కట్టారు, ఒకరు పిల్లలను బడికి పంపారు. పక్షవాయువుగల వానిని మోసికొని వచ్చి, గుంపు అడ్డమైతే ఇంటికప్పు విప్పి యేసు ఎదుట దించిన నలుగురి కథ మీకు తెలుసు. వారి పేర్లు సువార్తలో లేవు. స్వస్థపరచిన శక్తి వారిది కాదు. కాని వారు మోయకపోతే ఆ మనిషి గుంపు వెనుకనే ఉండిపోయేవాడు.

మరుసటి సంవత్సరం వేసవిలో ఆమె ప్రభువునందు నిద్రించింది. ఆ పద్నాలుగు నెలలలో ఆమె తన పెద్దమ్మాయి పదవ తరగతి పరీక్షలు వ్రాయడం చూసింది. మా సంఘంలో మరి ఇద్దరు స్త్రీలు తమ గడ్డల సంగతి దాచకుండా చెప్పుకొన్నారు. ఒకరిది మామూలు గడ్డ అని తేలింది. రెండవ ఆమెకు మొదట్లోనే ఆపరేషను జరిగి, నేడు ఆరోగ్యంగా ఉన్నది. ఇప్పుడు చాపలు పరచేది ఆమే.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రయోగశాలలో కూర్చొని అంత చిన్న ఘటమును అల్లుతున్నవారి కొరకు ప్రార్థించండి. వారిలో దేవుని ఎరిగినవారుండవచ్చు, ఎరుగనివారుండవచ్చు. జ్ఞానమిచ్చువాడు ఆయనే. ఆ ఘటములు మన ఊరి ఆసుపత్రికి వచ్చేంతవరకు మోయవలసిన మోత కొంత మన భుజాల మీదనే ఉంది. మీ ఇంట్లో తల్లి, చెల్లెలు, భార్య గడ్డ ఉన్నదని చెబితే ఆ వారంలోనే వైద్యునివద్దకు తీసుకెళ్లండి. మీ ప్రార్థన కూడికలో ఎవరైనా ఆసుపత్రితో పనేమిటని అంటే, నాలాగా ఊరుకోవద్దు. ప్రేమతోనే, అక్కడికక్కడే, జవాబు చెప్పండి.

ప్రభువు మిమ్మును మీ కుటుంబాలను కాపాడును గాక. ఆమేన్.